తొమ్మిదో ప్రశ్న నా గురించి: తార్నాక కౌన్సెలింగ్ సెంటర్‌లో ఆరు నెలలు

ఐదు స్టార్లకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి ఎందుకు తగ్గించానో కింద రాస్తాను. సెంటర్ పేరు మాత్రం రాయను. ఫోన్‌లో పైసలు పెట్టి ఆడే జూదం మాన్పించడానికి మా అబ్బాయిని తీసుకెళ్లాను, వాడు ఇంకా ప్రతి గురువారం అక్కడికి వెళ్తున్నాడు. అక్కడి బెంచీ మీద మా పక్కన కూర్చునేవాళ్లంతా ఎవరి కంటా పడకుండా వచ్చిపోవాలనుకునేవాళ్లే. తార్నాక మెట్రో స్టేషన్ నుంచి నడిచి వెళ్లేంత దూరం, మందుల షాపు పైన రెండో అంతస్తు. అంతవరకే చెప్తాను.

నేను ఆర్టీసీలో 34 ఏళ్లు కండక్టర్‌గా చేసి 2022లో రిటైర్ అయ్యాను. సగం సర్వీసు 5కె బస్సు మీదే, సికింద్రాబాద్ నుంచి మెహిదీపట్నం. టికెట్ల ట్రే చేతిలో పెట్టుకుని తిరిగిన కాలం నుంచి టికెట్లు కొట్టే టిమ్ మిషన్ మెడలో వేసుకునే కాలం దాకా చేశాను. డిపోలో క్యాష్ లెక్క అప్పజెప్పకుండా ఒక్క రాత్రి కూడా ఇంటికి రాలేదు. పది రూపాయలు షార్ట్ వస్తే జేబులోంచి వేసి సరిచేసేవాణ్ణి. 2019లో 52 రోజులు సమ్మె నడిచినప్పుడు, జీతం లేకపోయినా ఎవరి దగ్గరా చేబదులు తీసుకోలేదు. అలాంటి నా ఇంట్లో అయిదేళ్లలో పదకొండున్నర లక్షలు పోయాయి. సగానికి పైగా పోయేదాకా అది జబ్బని నాకు తెలియనే లేదు. ఇంకో తండ్రికి ఇంత కాలం పట్టకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మా వాడికి 27. రాయదుర్గంలో ఉద్యోగం, అమెరికా వాళ్ల టైముకి డ్యూటీ, జీతం 38 వేలు. 2020 లాక్‌డౌన్‌లో ఫోన్‌లో రమ్మీ మొదలుపెట్టాడట. తెలంగాణలో పైసలు పెట్టి ఆన్‌లైన్‌లో రమ్మీ ఆడడం 2017 నుంచే నిషేధం. వాడు వేరే రాష్ట్రంలో ఉన్నట్టు చూపించే యాప్ ఒకటి వేసుకుని ఆడాడు. నిషేధం ఉంది కదా, మన ఇంట్లోకి ఎలా వస్తుందని నేను అనుకునేవాణ్ణి.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే అన్నీ కనిపిస్తున్నాయి. ఒకటో తారీఖున జీతం పడితే నాలుగో తారీఖున పెట్రోలుకి వాళ్లమ్మని 500 అడిగేవాడు. బాత్రూంలోకి ఫోన్ తీసుకెళ్తే అరగంటకి గానీ బయటికి వచ్చేవాడు కాదు. అన్నం తినేటప్పుడు ఫోన్ బోర్లా పెట్టేవాడు. బండి కనపడకపోతే సర్వీసింగ్‌కి ఇచ్చానన్నాడు. ఆ సర్వీసింగ్ రెండు నెలలు నడిచింది. సెలవు రోజున కూడా తెల్లవారుజామున నాలుగింటి దాకా వాడి గదిలో లైటు వెలిగేది. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌లకి ప్రచారం చేశారని సినిమా వాళ్ల మీద, యూట్యూబ్ వాళ్ల మీద మన పోలీసులు కేసులు పెట్టిన వార్త టీవీలో వస్తుంటే, కంచం ముందు నుంచి లేచి గదిలోకి వెళ్లిపోయాడు. కూర బాగా లేదేమో అనుకుంది మా ఆవిడ.

ఇవన్నీ పైసలు లేని రోజుల గుర్తులు. నేను అసలు పట్టించుకోనివి పైసలున్న రోజుల గుర్తులు. ఒక శనివారం ఉన్నట్టుండి మూడు బిర్యానీలు, వాళ్లమ్మకి చీర, నాకు వాచీ తెచ్చాడు. ఇన్సెంటివ్ వచ్చిందన్నాడు. నేను సంతోషించాను, చుట్టాలకి కూడా చెప్పుకున్నాను. మా డ్యూటీలో చెకింగ్ వాళ్లు బస్సెక్కి బ్యాగు లెక్కపెడితే, క్యాష్ తక్కువున్నా తప్పే, ఎక్కువున్నా తప్పే. ఎక్కువుందంటే టికెట్ కొట్టకుండా పైసలు తీసుకున్నట్టు. 34 ఏళ్లు ఆ రూలు కింద బతికినవాణ్ణి, కొడుకు చేతిలో లెక్కకి అందని పైసలు కనిపిస్తే ఒక్క ప్రశ్న వేయలేదు.

మొదటిసారి బయటపడింది 2023 జూన్‌లో. లోన్ యాప్ వాళ్లు మా అల్లుడికి ఫోన్ చేసి నానా మాటలన్నారు. వీడి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ వాళ్ల దగ్గరున్నాయి. ఆ రోజు వీడు ఏడ్చి, క్రెడిట్ కార్డు, యాప్‌లు అన్నీ కలిపి రెండు లక్షల నలభై వేలని చెప్పాడు. నా రిటైర్మెంట్ పైసల్లోంచి ఎఫ్‌డీ తీసి కట్టేశాను. వాళ్లమ్మ తల మీద చేయి పెట్టి ఒట్టేశాడు. రెండోసారి 2024 డిసెంబర్‌లో నాలుగు లక్షల పది వేలు. ఈసారి మా ఆవిడ గాజులు, గొలుసు గోల్డ్ లోన్‌కి పోయాయి. మళ్లీ ఒట్టు.

2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. 22న రాష్ట్రపతి సంతకం అయింది. పైసల ఆటలు నడిపేవాళ్లకి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు వేసేవాళ్లకీ శిక్ష ఉంది. మా వాడు ఆడే రమ్మీ యాప్ పైసల ఆట ఆపేసింది. ఆ రోజు నేను గుడికెళ్లి కొబ్బరికాయ కొట్టి వచ్చాను. వాడు మాత్రం వారం తిరక్కుండా టెలిగ్రామ్‌లో ఎవడో ఇచ్చిన లింకు పట్టుకుని క్రికెట్ పందాలు కాసే ఐడీ తీసుకున్నాడు. తలుపు మూస్తే కిటికీ వెతుక్కున్నాడు. ఆ చట్టం రావాల్సిందే, నేను దాని పక్షమే. వాడి లోపల ఉన్న దానికి మాత్రం వేరే మందు కావాలని అక్టోబర్‌లో బండి అమ్మేశాడని తెలిసినప్పుడు గానీ నాకు అర్థం కాలేదు.

ఈ సెంటర్‌కి రాకముందు రెండు చోట్లకి వెళ్లాం. మొదటి చోట డాక్టర్ నిద్ర పట్టడం లేదంటే నిద్రకి మాత్రలు రాశాడు. ఫోన్‌లో ఏం చేస్తావు బాబూ అని అడగలేదు, మేమూ చెప్పలేదు. రెండోది ఊరి బయట, ఔటర్ రింగ్ రోడ్డు దాటాక ఉన్న డీఅడిక్షన్ సెంటర్. తొంభై రోజులు అడ్మిట్ చేయాలన్నారు, నెలకి 45 వేలు. తాగుడు మాన్పించే వార్డులోనే మంచం ఇస్తామన్నారు. అప్పులెంత, ఇంట్లో పైసలు ఎవరి చేతిలో ఉంటాయి, ఉద్యోగం సంగతేంటి, ఏమీ అడగలేదు. బయటి గేటుకి తాళం చూసి మా ఆవిడ అక్కడే ఏడుపు మొదలుపెట్టింది. వెనక్కి వచ్చేశాం.

ఆ రాత్రి మా ఆవిడే 14416కి ఫోన్ చేసింది. అది టెలిమానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్‌లో మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, ఫ్రీ. పదకొండు దాటాక కూడా ఒకమ్మాయి తెలుగులో ఓపిగ్గా మాట్లాడింది. ఇది జబ్బు అమ్మా, చెడు బుద్ధి కాదు అని మా ఇంట్లో మొదటిసారి అన్నది ఆ అమ్మాయే. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాల ఓపీకి వెళ్లొచ్చని కూడా చెప్పింది. ఎవరైనా చూస్తారని నేనే వెనకాడాను. అప్పుడు వెళ్లుండాల్సింది. తర్వాత మా పాత డ్రైవర్ ఒకాయన చెప్తే తార్నాకకి వచ్చాం.

ఇక సెంటర్ సంగతి. కౌన్సెలర్ మేడమ్‌కి ముప్పై అయిదేళ్లుంటాయేమో. మొదట మా వాడితో ఒంటరిగా యాభై నిమిషాలు మాట్లాడింది. నేను తలుపు బయట కూర్చున్నాను. ఆ తర్వాత వాడి అనుమతి తీసుకునే మమ్మల్ని పిలిచింది. వాడు చెప్పింది వాడి అనుమతి లేకుండా మాకు కూడా చెప్పనని, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం అది వాడి హక్కని ముందే చెప్పింది. నాకు కోపం వచ్చింది. కట్టింది నేను, నాకు చెప్పరా అన్నాను. "అంకుల్, మీకు చెప్తారని భయముంటే నాతో కూడా అబద్ధమే చెప్తాడు" అంది.

వాడిని సూటిగా అడిగిన మొదటి ప్రశ్న, బతకాలని లేదనిపించిందా అని. అలాంటి మాట అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టు అవుతుందని నేననుకునేవాణ్ణి. అడిగితే బరువు దిగుతుంది గానీ కొత్తగా ఆలోచన రాదని మేడమ్ చెప్పింది. వాడు ఔనన్నాడట. ఇది వాడి అనుమతితోనే మాకు చెప్పింది. ఆ రెండు వారాలు వాడిని ఇంట్లో ఒంటరిగా వదలలేదు, ఆ వారంలోనే సైకియాట్రిస్ట్‌కి చూపించాం. అప్పుల్లో మునిగి మూగగా తిరుగుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే దయచేసి ఈ ఒక్క ప్రశ్న అడగండి. కష్టంగా ఉంటుంది. అయినా అడగండి.

ఇంకా ఏమేం మాత్రలు వాడుతున్నాడని కూడా అడిగింది. అదెందుకంటే, పార్కిన్‌సన్స్ జబ్బుకి ఇచ్చే కొన్ని మందులు వాడేవాళ్లలో కొందరికి ఉన్నట్టుండి జూదం మీద పిచ్చి పుడుతుందట. పెద్దవాళ్లున్న ఇళ్లలో ఇది తెలిసుండాలని రాస్తున్నాను.

తర్వాత ప్రశ్నల కాగితం తీసింది. మొదట రెండే ప్రశ్నలు. పందెం మొత్తం పెంచుకుంటూ పోవాలని ఎప్పుడైనా అనిపించిందా? ఎంత ఆడావో నీకు ముఖ్యమైనవాళ్ల దగ్గర అబద్ధం చెప్పాల్సి వచ్చిందా? ఇందులో ఒక్కదానికి ఔనన్నా ఇంకా లోతుగా చూడాలి. ఎంత పోయింది అనే ప్రశ్న అందులో లేనే లేదు. నేను వచ్చేటప్పుడు పదకొండున్నర లక్షల లెక్క కాగితం మీద రాసి, మడిచి జేబులో పెట్టుకుని వచ్చాను. అది తీయమని ఆ రోజు ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత తొమ్మిది ప్రశ్నలు. అమెరికా సైకియాట్రిస్టుల సంఘం 2013లో జూదాన్ని తాగుడు, మత్తుమందుల వ్యసనాల పక్కన చేర్చినప్పుడు పెట్టుకున్న తొమ్మిది లక్షణాలట అవి. ఒక్క ఏడాదిలో నాలుగు కనిపిస్తే జబ్బు కిందే లెక్క, ఎనిమిదో తొమ్మిదో ఉంటే తీవ్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలోనూ ఇది ఉంది. మేడమ్ ఒక్కొక్కటే చదివింది. అదే కిక్కు రావడానికి ఇంకా ఇంకా పెద్ద మొత్తం కావాలా? తగ్గిద్దామంటే చికాకు, కోపం వస్తాయా? మానాలని పదేపదే చూసి మానలేకపోయావా? పొద్దస్తమానం అదే ధ్యాసా? మనసు బాగాలేనప్పుడు ఆడతావా? పోయింది రాబట్టుకోవాలని మర్నాడే మళ్లీ ఆడతావా? దాస్తావా? ఉద్యోగం, పెళ్లి, చదువు దీనివల్ల పోగొట్టుకున్నావా, పోయే దాకా వచ్చిందా? వాడు అన్నిటికీ తల ఊపుతున్నాడు. నేను కిటికీలోంచి కింద రోడ్డు మీద బస్సులు చూస్తున్నాను.

తొమ్మిదోది: దీనివల్ల వచ్చిన పైసల కష్టం నుంచి బయటపడడానికి ఇంకొకరి పైసల మీద ఆధారపడ్డావా?

ఆ ఇంకొకరు నేను. నా కొడుకు జబ్బు లక్షణాల పట్టికలో నేను కట్టిన ఎఫ్‌డీ ఉంది, మా ఆవిడ గాజులున్నాయి. తండ్రిగా నేను చేసిన గొప్ప పని అనుకున్నది ఆ కాగితంలో తొమ్మిదో నంబరు. ఏం మాట్లాడాలో తెలియలేదు. మేడమే అంది, "అంకుల్, మీరు తప్పు చేశారని కాదు. మీరు కట్టిన రోజు రాత్రి ఏం జరిగిందో ఒకసారి తననే అడగండి."

అక్కడే అడిగాను. వాడు తల ఎత్తకుండా చెప్పాడు.

"ఆ రాత్రే ఆడిన డాడీ. కార్డు ఖాళీ అయింది కదా, లిమిట్ మళ్ల వచ్చింది. నీ పైసలు నీకు తెచ్చిద్దామనే ఆడిన."

"ఒట్టేసిన రోజే ఆడినవా?"

"నిజంగనే తెచ్చిద్దామనుకున్న డాడీ."

నాకు ఆ మాట అబద్ధం అనిపించలేదు. అదే భయం వేసింది. నేను అప్పు తీర్చాననుకున్నాను. వాడికి అది కొత్త పందానికి దారి. పోయింది రాబట్టుకోవాలనే ఆ పరుగే ఈ జబ్బుకి అసలు గుర్తు అని, ఇప్పుడు అది నా పైసల వెంట కూడా మొదలైందని మేడమ్ చెప్పింది.

రమ్మీ గురించి వాడికో వాదన ఉండేది. అది స్కిల్ గేమ్, సుప్రీంకోర్టే చెప్పింది అనేవాడు. నిజమే, 1968లో చెప్పింది, అదీ మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులోనే. ముక్కలు గుర్తుపెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది వదలాలో తెలివి కావాలి కాబట్టి ప్రధానంగా నైపుణ్యమే అంది. మేడమ్ ఆ తీర్పు మిగతా సగం కూడా చెప్పింది: ఆ ఆట పందాల మీద క్లబ్ నడిపేవాడు లాభం చేసుకుంటుంటే అది వేరే సంగతి కావచ్చని కోర్టు అప్పుడే అంది. తర్వాత కాగితం తీసి వాడి చేతే లెక్క వేయించింది. ప్రతి ఆటలో పందెం మొత్తం మీద నడిపేవాడు నూటికి పది కోసుకుంటాడనుకో. టేబుల్ మీదున్న అదే 1,000 రూపాయలు మళ్లీ మళ్లీ పందెంలోకి వస్తే పది ఆటలకి ఎంత మిగులుతుంది? 349. ఎవరు ఎంత తెలివిగా ఆడినా సరే. నేను కూడా పక్కన కూర్చుని వేశాను, 349 వచ్చింది. ఇన్నాళ్లూ నేను చేసిన బోధల కన్నా ఆ లెక్కే వాడిని ఎక్కువసేపు మౌనంగా కూర్చోబెట్టింది.

మరి ఇంత తెలిసీ ఎందుకు ఆడతారు? నేను అడిగిన ప్రశ్నే. మేడమ్ జవాబు నాకు నా భాషలో ఇలా అర్థమైంది. బస్సు కచ్చితంగా ఇరవై నిమిషాలకొకటి అని తెలిస్తే మనిషి టీ తాగి వస్తాడు. ఎప్పుడొస్తుందో తెలియని స్టాపులో మాత్రం గంటసేపు కదలడు, వెళ్లిపోతే ఆ నిమిషమే వస్తుందేమోనని. గెలుపు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమే మనిషిని కట్టిపడేస్తుంది. ఒక్క ముక్క తక్కువై ఓడితే అది ఓడినట్టు అనిపించదట, కొంచెంలో గెలిచినట్టు ఉంటుందట. మెదడు దాన్ని ఇంకో ఆటకి పిలుపు అనుకుంటుంది. ఇంటి దగ్గర దీపావళికి పేకాట ఆడితే తెల్లారితే మడిచి పెట్టేవాళ్లం. ఫోన్‌లో తెల్లారడం అనేది లేదు. రెండు నిమిషాలకో ఆట, పక్కన అరిచే మనిషి లేడు, చేతిలోంచి నోటు వెళ్లడం కనిపించదు.

చికిత్స అంటే మంత్రమేమీ లేదు. కేవలం ఈ జబ్బు కోసమని ఇచ్చే ప్రత్యేకమైన మాత్ర లేదని సైకియాట్రిస్ట్ ముందే చెప్పాడు. నిద్రకి, దిగులుకి కొంతకాలం మందులిచ్చాడు. మిగతాదంతా మాటల చికిత్సే, వారం వారం. ఏ గంటలో, ఏ మూలన ఆడాలనిపిస్తుందో వాడి చేత రాయించారు. వాడికి మూడు చోట్ల వచ్చేది: జీతం పడిన సాయంత్రం, రాత్రి ఆఫీసు క్యాబ్ వెనక సీట్లో, వాళ్లక్క ఇంటి నుంచి వచ్చాక. మూడోది నాకు బాధ కలిగించింది. బావ ముందు తల దించుకోవాల్సి వస్తుందని ఆ రాత్రి ఆడేవాడట. కోరిక వచ్చినప్పుడు దాంతో పోట్లాడకుండా ఇరవై నిమిషాలు ఆగమని, నడవమని, ఎవరికైనా ఫోన్ చేయమని నేర్పించారు. క్యాబ్‌లో డ్రైవర్ పక్కన ముందు సీట్లో కూర్చుంటున్నాడు ఇప్పుడు. చిన్న మార్పే గానీ పనిచేసింది.

పైసల సంగతి మాతో కలిసి తేల్చారు. అప్పులన్నీ ఒకే కాగితం మీదకి వచ్చాయి, నేను కట్టకూడదు. వాడి జీతంలోంచే నెలకి 14 వేలు. జీతం పడే అకౌంట్ వాళ్లమ్మతో కలిపి జాయింట్ చేశాం. యూపీఐ రోజు పరిమితి 1,000కి తగ్గించాం. పాత సిమ్ తీసేశాం. బెదిరించే లోన్ యాప్‌ల మీద 1930కి ఫోన్ చేసి, సైబర్ క్రైమ్ వాళ్లకి ఫిర్యాదు చేయమన్నారు, చేశాం. ఇంకా ఒక నోట్‌బుక్. రోజూ రాత్రి వాడు ఖర్చు రాయాలి, నేను చూడాలి. తిట్టకూడదు. ఈ చివరి షరతు వాడికన్నా నాకే కష్టమైంది. మొదటి నెల రెండుసార్లు అరిచాను. అరిచిన మర్నాడు నోట్‌బుక్‌లో లెక్కలు మరీ చక్కగా ఉండేవి. దొంగ లెక్కలు ఎలా ఉంటాయో నాకు తెలుసు, చిల్లర కూడా సరిగ్గా కుదురుతుంది వాటిలో. ఆ గురువారం మేడమ్ ముందు నేనే ఒప్పుకున్నాను, వీడి చేత అబద్ధం రాయించింది నేనని.

ఇక ఆ తగ్గించిన స్టారు. మొదటిది, ఫారాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. నేను టెన్త్ చదివాను, మా ఆవిడ ఏడు దాకా. ఇంటివాళ్లు నింపాల్సిన నాలుగు పేజీల ఫారం చేతిలో పెట్టి నింపండి అన్నారు. మేడమ్ తర్వాత చదివి తెలుగులో చెప్పింది గానీ, ఆ మొదటి పావుగంట మా ఆవిడ ఆ కాగితం తలకిందులుగా పట్టుకుని కూర్చుంది. హైదరాబాద్‌లో, తార్నాకలో నడిపే సెంటర్‌లో తెలుగు ఫారం, ఉర్దూ ఫారం లేకపోవడం మంచిది కాదు. రెండోది, రిసెప్షన్‌లో అబ్బాయి పేరు గట్టిగా పిలిచి, "గ్యాంబ్లింగ్ కేసా?" అని అందరి ముందు అడిగాడు. మా వాడు అప్పుడే మెట్లు దిగి వెళ్లిపోబోయాడు. చెప్తే తర్వాత మార్చుకున్నారు, ఇప్పుడు టోకెన్ నంబరుతో పిలుస్తున్నారు. మూడోది, ఆదివారం ఉండదు. రాత్రి డ్యూటీ చేసే పిల్లలకి సాయంత్రం ఆరున్నర తప్ప దారి లేదు. ఆ టైముకి మూడు వారాల ముందే బుక్ అయిపోతుంది.

ఫీజు మనిషికి 1,200, కుటుంబంతో కూర్చుంటే 1,500. ఆరు నెలలకి ముప్పై వేల పైన అయింది. నేను పెన్షనర్‌ని, నాకు తక్కువేమీ కాదు. అయినా నేను రెండుసార్లు గుడ్డిగా కట్టిన ఆరున్నర లక్షల పక్కన పెట్టి చూస్తున్నాను. లిఫ్ట్ ఉంది గానీ తరచూ పనిచేయదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

బాగైపోయాడా అని అడుగుతున్నారు చుట్టాలు. నాలుగున్నర నెలలు ఒక్క పందెం లేదు. ఐపీఎల్ మొదలైన రెండో రోజు రాత్రి పదకొండింటికి నేను వంటింట్లో మంచినీళ్లు తాగుతుంటే వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"డాడీ, 500 షార్ట్."

ఆ మాట నాది, డిపో మాట. ఇంట్లో నేను వాడడం తప్ప వాడి నోట ఎప్పుడూ వినలేదు. ఆఫీసులో ఇంకొకరి ఫోన్ నుంచి పెట్టాడట. అడగకముందే, ఎవరి ఫోనో, ఏ ఓవరో కూడా చెప్పాడు. నా గుండె కొట్టుకుంటూనే ఉంది. నోట్‌బుక్ తీసి టేబుల్ మీద పెట్టాను, వాడు తారీఖు వేసి రాశాడు, కింద నేను సంతకం చేశాను. ఇద్దరం అన్నం తిన్నాం. గురువారం అదే పేజీ మేడమ్ ముందు పెట్టాడు. ఈ అయిదేళ్లలో అడగకుండా వాడంతట వాడు వచ్చి చెప్పింది ఆ 500 ఒక్కటే.

వెళ్లాలనుకునేవాళ్లు బుధవారం పొద్దున పదింటికే ఫోన్ చేయండి, అప్పుడే కొత్త టైములు ఇస్తారు. మొదటిసారి ఇంట్లో పైసలు చూసుకునే మనిషి తప్పకుండా కూడా వెళ్లండి. ఫోన్ చేసినప్పుడే తెలుగు ఫారం కావాలని అడగండి. నేను మూడుసార్లు అడిగాను, చూస్తామన్నారు. ఇంకో పదిమంది అడిగితే వేస్తారు.